ఓపెన్‌హైమర్ సినిమా: ఆ పశ్చాత్తాపం ఆయనదా, నోలన్‌దా?

#1 కృష్ణాతీరం (విజయవాడ)

2023 జూలైలో థియేటర్లో చూసినప్పుడు సగం డైలాగులు చెవిన పడలేదు, సగం మనుషులు ఎవరో తెలియలేదు. ఈమధ్య ఇంట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆపుకుంటూ మళ్ళీ చూశాను. అప్పుడు అర్థమైంది, ఇది బాంబు సినిమా కాదు, రెండు విచారణల సినిమా. రంగుల్లో ఉన్నది 1954లో, అణుబాంబు తయారీని నడిపిన సైంటిస్టు ఓపెన్‌హైమర్ సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి) మీద జరిగిన విచారణ, ఆయన కళ్ళతో. బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్నది 1959లో అణుశక్తి కమిషన్ మాజీ చైర్మన్ లూయిస్ స్ట్రాస్‌ని మంత్రిగా ఖరారు చెయ్యాలా వద్దా అని సెనేట్‌లో జరిగింది, స్ట్రాస్ కళ్ళతో. బాంబు మధ్యలో వచ్చి పోతుంది.

నా డౌట్ ఒక్కటే. కిలియన్ మర్ఫీ ముఖం చూస్తే మనిషి లోపల కాలిపోతున్నాడనే అనిపిస్తుంది. అసలు ఓపెన్‌హైమర్ అంత బాధపడ్డాడా? లేక సినిమా వాళ్ళు మన సానుభూతి కోసం పెట్టారా? పుస్తకాలు చదివినవాళ్ళు చెప్పండి.

#2 ఫ్రంట్‌బెంచ్_రాజు (తణుకు)

అన్నా, నువ్వు రెండోసారి కూడా చూశావంటే నీ ఓపికకి దండం. నేను ట్రైలర్ చూసి బాంబు సినిమా అనుకుని నలుగురు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వెళ్ళా. మూడు గంటలు. కోటు వేసుకున్నవాడు వస్తాడు, ఇంకో కోటువాడితో మాట్లాడతాడు, వెళ్ళిపోతాడు. మా వాడొకడు ఇంటర్వెల్‌లో బయటికెళ్ళి తిరిగి రాలేదు.

పోనీ ఆ పేలుడన్నా అదిరిందా అంటే, అంత హైప్ ఇచ్చి పెట్రోల్ బంకులో మంటలా చూపించారు. గ్రాఫిక్స్ వాడలేదని గొప్పగా చెప్పుకున్నారు. వాడాల్సింది కదా మరి!

#3 ఈసీఐఎల్_పెద్దాయన (హైదరాబాద్)

రాజు గారు, పేలుడు విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. నేను రిటైరైన ఇంజినీర్ని, ఈ ఫీల్డుకి దగ్గర్లోనే పని చేశాను. అసలు ట్రినిటీ పరీక్ష, అంటే మొట్టమొదటి అణుబాంబు పరీక్ష, ఫోటోలు చూడండి. మొదటి క్షణాల్లో నేలకు అతుక్కున్న నున్నటి బుడగలా ఉంటుంది, నాలుకలు చాచే మంట కాదు. ఇరవై వేల టన్నుల టీఎన్‌టీకి పైబడిన శక్తి అది. ఇంధనం తగలబెట్టి దాన్ని చూపిద్దామంటే కుదిరే పని కాదు.

కానీ శబ్దం విషయంలో మాత్రం డైరెక్టర్ నోలన్‌కి మార్కులు వెయ్యాలి. కంట్రోల్ షెల్టరు, బాంబు పెట్టిన టవర్‌కి పదివేల గజాల దూరంలో ఉంది, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైన. వెలుగు వెంటనే కనిపిస్తుంది, శబ్దం రావడానికి దాదాపు 27 సెకన్లు పడుతుంది. సినిమాలో దాన్ని అంతకంటే బాగా సాగదీశాడు, ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. లెక్క తప్పినా సూత్రం తప్పలేదు. మన సినిమాల్లో మెరుపూ ఉరుమూ ఒకేసారి పడతాయి కదా, దానితో పోలిస్తే నయం.

నాకు అసలు వెలితి అనిపించింది ఇంకోటి. గాజు పాత్రల్లో గోళీలు వేస్తూ ఉంటారు చూశారా, ఒకదాంట్లో యురేనియం లెక్క, ఇంకోదాంట్లో ప్లుటోనియం లెక్క. ఆ గోళీల వెనక ఓక్ రిడ్జ్, హాన్‌ఫర్డ్ అని రెండు ఊళ్ళకి ఊళ్ళే ఉన్నాయి. మొత్తం ప్రాజెక్టులో ఒక దశలో లక్షా పాతిక వేలమంది దాకా పని చేశారు, చాలామందికి ఏం తయారుచేస్తున్నామో కూడా తెలియదు. ఖర్చు దాదాపు రెండు వందల కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం ఆ ఫ్యాక్టరీలకే పోయింది. ఓపెన్‌హైమర్ నడిపిన లాస్ అలమోస్ లాబ్ చివరి అంకం మాత్రమే. సినిమా చూసినవాడికి మాత్రం పదిమంది ప్రొఫెసర్లు బ్లాక్‌బోర్డు ముందు నిలబడి బాంబు చేసేశారనిపిస్తుంది.

ఇంకోటి కూడా రాలేదు. 1944 వేసవిలో రియాక్టర్‌లో తయారైన ప్లుటోనియం, తుపాకీలా ఒక ముక్కని ఇంకో ముక్కలోకి పేల్చే గన్ పద్ధతికి పనికిరాదని తేలింది. అందులో ఒక ఐసోటోపు దానంతటదే విచ్ఛిత్తి అవుతూ, అసలు పేలుడు కాకముందే తుస్సుమనిపిస్తుంది. ఓపెన్‌హైమర్ లాబ్ మొత్తాన్నీ విడగొట్టి ఇంప్లోజన్ (చుట్టూ మందుగుండు పెట్టి లోపలికి నొక్కే పద్ధతి) చుట్టూ మళ్ళీ నిలబెట్టాడు. రాజీనామా చెయ్యాలనుకునేంత కుంగిపోయాడట. ఒక మేనేజరుగా ఆయన గొప్పతనం కనపడేది అక్కడ. అది వదిలేసి గుర్రపుస్వారీ పెట్టారు!

#4 ఫ్రంట్‌బెంచ్_రాజు

పెద్దాయనా, ఈ లెక్చరు ముందే విని వెళ్ళుంటే టిక్కెట్ డబ్బులు గిట్టేవి 😂

అవునూ, ఐన్‌స్టీన్ దగ్గరికి వెళ్ళి "ఈ బాంబు వేస్తే భూమ్మీద గాలంతా అంటుకుంటుందా" అని అడిగే సీను నిజమేనా? నాకు మొత్తం సినిమాలో టెన్షన్ వచ్చింది అక్కడే.

#5 ఈసీఐఎల్_పెద్దాయన

భయం నిజం, ఐన్‌స్టీన్ కల్పన. 1942లో టెల్లర్ అనే సైంటిస్టు ఆ అనుమానం లేవదీశాడు. ఓపెన్‌హైమర్ వెళ్ళి మాట్లాడింది ఇంకో సైంటిస్టు ఆర్థర్ కాంప్టన్‌తో. హాన్స్ బెతే లెక్క కట్టి, జరిగే పని కాదని తేల్చాడు. నోలన్ కావాలనే కాంప్టన్ని తీసి ఐన్‌స్టీన్‌ని పెట్టాడు, ప్రేక్షకుడికి తెలిసిన ముఖం కావాలి కదా. చెరువు గట్టున చివరి సంభాషణ కూడా రాసుకున్నదే.

#6 మందారమాల (విశాఖపట్నం)

అందరూ కోట్లు వేసుకున్న మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఒకటి గుర్తుచేస్తా. ఓపెన్‌హైమర్ ప్రేయసి జీన్ టాట్‌లాక్ డాక్టర్. స్టాన్‌ఫర్డ్‌లో మెడిసిన్ చేసి శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకియాట్రీ చేస్తోంది. నేనూ అదే వృత్తిలో ఉన్నాను కాబట్టి నాకు కాస్త గట్టిగానే తగిలింది. ఓపెన్‌హైమర్‌ని రాజకీయాల్లోకి లాగింది ఆమె. జాన్ డన్ కవిత్వం పరిచయం చేసిందీ ఆమే. పరీక్షకి ట్రినిటీ అని పేరు ఎందుకు పెట్టావని ప్రాజెక్టు సైనికాధికారి గ్రోవ్స్ తర్వాత అడిగితే, ఆయన చెప్పింది డన్ కవితల సంగతే. పరీక్ష నాటికి ఆమె చనిపోయి ఏడాదిన్నర, 29 ఏళ్ళకే.

ఇంత మనిషిని సినిమాలో ఎలా చూపించారు? బట్టలు లేకుండా, పూలు విసిరేస్తూ. ఫ్లోరెన్స్ ప్యూ లాంటి నటిని పెట్టుకుని! ఆయన భార్య కిట్టీకైనా విచారణ గదిలో ఒక సీను దక్కింది. అవతలి పక్షం లాయరు రోజర్ రాబ్ ప్రశ్నలకి ఆమె ఎదురు నిలబడి జవాబులు చెప్పడం మొత్తం సినిమాలో నాకు బాగా నచ్చిన ఘట్టం. కానీ కిట్టీ కూడా వృక్షశాస్త్రం చదివిన మనిషి అని ఎంతమందికి గుర్తుంటుంది? చేతిలో గ్లాసు గుర్తుంటుంది.

#7 కోనసీమ_కుర్రోడు

జీన్ సీన్ అంటే గుర్తొచ్చింది. ఆ టైములో గీత చదివించడం ఏంటి బ్రో? మన సెన్సారు వాళ్ళు నిద్రపోయారా? నల్ల డ్రెస్ గ్రాఫిక్స్‌లో కప్పడానికి టైముంది గానీ

#8 మోడరేటర్

ఈ గొడవ 2023లోనే అయిపోయింది. కేంద్ర సమాచార కమిషనర్ ఒకరు బహిరంగ లేఖ రాశారు, టీవీల్లో రోజుల తరబడి నడిచింది. అప్పటి థ్రెడ్ మన దగ్గర లాక్ చేసి ఉంది, ఎందుకు లాక్ చేశామో పాత సభ్యులకి తెలుసు. ఇక్కడ మళ్ళీ తెరవద్దు. సినిమా, చరిత్ర మాట్లాడుకోండి.

#9 శతకాల_మాస్టారు (తెనాలి)

మోడరేటర్ గారి మాట దాటను. ఆ సీను జోలికి పోను. కానీ సంస్కృతం సంగతి వచ్చింది కాబట్టి ఎవరూ పట్టించుకోని ఒక శ్లోకం గురించి చెబుతాను.

ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ అనే ఆచార్యుడి దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. లోకాల్ని నాశనం చేసే కాలాన్ని నేనేనన్న గీత పదకొండో అధ్యాయం శ్లోకాన్ని లోకమంతా ఎరుగును. అది తనకి గుర్తొచ్చిందని ఆయన కెమెరా ముందు చెప్పింది 1965లో, పరీక్ష జరిగిన ఇరవై ఏళ్ళకి. ఆ తెల్లవారుజామున పైకి అన్నట్టు ఎవరూ చెప్పలేదు. పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్‌కి గుర్తున్నది, "పనిచేసింది" అన్న ముక్కే.

పరీక్షకి కొద్దిగా ముందు మాత్రం ఆయన ప్రభుత్వ సైన్స్ అధికారి వానెవర్ బుష్‌కి ఒక శ్లోకం నిజంగానే వినిపించాడు. ఆయన జీవితచరిత్రలో దాన్ని గీతలోదిగా రాశారు గానీ అది గీత కాదు. మన భర్తృహరి:

వనే రణే శత్రుజలాగ్నిమధ్యే
మహార్ణవే పర్వతమస్తకే వా
సుప్తం ప్రమత్తం విషమస్థితం వా
రక్షంతి పుణ్యాని పురా కృతాని

అడవిలో ఉన్నా, యుద్ధంలో ఉన్నా, శత్రువుల మధ్య, నీళ్ళలో, నిప్పుల్లో ఉన్నా, నడిసముద్రంలో, కొండ కొమ్మున, నిద్రలో, ఏమరుపాటులో, ఏ ఇరకాటంలో ఉన్నా మనిషిని కాపాడేది వెనక చేసుకున్న పుణ్యమేనని. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన సుభాషితాలు బళ్ళో చదువుకున్నవాళ్ళకి ఈ ధోరణి కొత్త కాదు.

నన్ను ఆపేది ఇదే. లోకం నాశనమయ్యే శ్లోకం ఆయన తర్వాత చెప్పుకున్నది. ముందురోజుల్లో నోట వచ్చింది మాత్రం "వెనక చేసిన మంచి నన్ను కాపాడాలి" అనే ప్రార్థన. భయపడుతున్న మనిషి మాట అది. ఇది సినిమాలో లేదు. ఉండి ఉంటే ఏ వివాదమూ వచ్చేది కాదు, పాత్రా ఇంకొంచెం లోతుగా తెలిసేది.

#10 కృష్ణాతీరం

మాస్టారూ, ఇది నాకు కొత్త సంగతి. థాంక్స్. కానీ భయం వేరు, పశ్చాత్తాపం వేరు కదా. పరీక్ష ఫెయిలవుతుందేమోనన్న భయం కూడా కావచ్చు.

#11 బందరు_వకీలు (మచిలీపట్నం)

విచారణ గురించి రాద్దామని వచ్చాను. కొంచెం పెద్దదవుతుంది, క్షమించాలి.

1954 ఏప్రిల్ 12 నుంచి మే 6 దాకా వాషింగ్టన్లో ఒక తాత్కాలిక ఆఫీసు భవనంలో జరిగిన ఆ తంతు కోర్టు కాదు. సినిమాలో కూడా "ఇది కోర్టు విచారణ కాదు" అని అంటూనే ఉంటారు. మన దగ్గర ప్రభుత్వోద్యోగం చేసినవాళ్ళకి డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ తెలుసు. చార్జ్ మెమో ఇస్తారు, ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఉంటాడు, మీరు డిఫెన్స్ అసిస్టెంట్‌ని పెట్టుకోవచ్చు, వాళ్ళు ఏ కాగితం మీద ఆధారపడితే ఆ కాగితం మీకు చూపించాలి. చూపించకపోతే ఆ ఆర్డరు రేపు హైకోర్టులో నిలబడదు. ఓపెన్‌హైమర్‌కి ఆ మాత్రం కూడా దక్కలేదు. ఆయన లాయరు లాయిడ్ గారిసన్‌కి క్లియరెన్స్ లేదు. రహస్యమైనవి వచ్చినప్పుడల్లా గదిలోంచి బయటికి పంపించేశారు. అవతల రాబ్ చేతిలో మాత్రం ఎఫ్‌బీఐ ఫైలు మొత్తం ఉంది. ఇంకా ఘోరం, ఓపెన్‌హైమర్ తన లాయర్లతో మాట్లాడుకున్న మాటల్ని ఎఫ్‌బీఐ దొంగచాటుగా విని స్ట్రాస్‌కి చేరవేసింది. క్లయింటూ లాయరూ మాట్లాడుకున్నది అవతలి పార్టీ టేబుల్ మీద ఉంటే ఇక వాదించడానికి ఏముంది?

షెవాలియే ముచ్చట తీసుకోండి. 1943 మొదట్లో వంటింట్లో షెవాలియే అనే స్నేహితుడు, రష్యాకి సమాచారం చేరవేసే దారి ఒకటుందని అన్నాడు. ఈయన కుదరదన్నాడు. అక్కడితో అయిపోవాలి. కొన్ని నెలలు ఆగి సెక్యూరిటీ అధికారి పాష్ దగ్గర అదే సంగతి వేరేగా చెప్పాడు. స్నేహితుడి పేరు దాచడానికి, ముగ్గురిని అడిగారని ఒక కథ అల్లాడు. దాన్ని వాళ్ళు రహస్యంగా రికార్డు చేశారని ఆయనకి తెలియదు. పదకొండేళ్ళ తర్వాత రాబ్ ఆ ట్రాన్స్‌క్రిప్టు దగ్గర పెట్టుకుని ఎందుకు అబద్ధం చెప్పావని అడిగితే, "నేను మూర్ఖుణ్ణి కాబట్టి" అన్నాడు. ఇది నోలన్ రాసిన డైలాగు కాదు, రికార్డులో ఉంది. సాక్షి బోనులో ఇంతకన్నా చేజేతులా ఓడిపోయిన మాట నేనెక్కడా చదవలేదు. పేరున్న క్లయింట్లతో వచ్చే తంటా ఇదే, తమ తెలివి మీద నమ్మకంతో లాయరు చెప్పింది వినరు.

ముగ్గురు సభ్యుల బోర్డులో ఇద్దరు వ్యతిరేకం. దేశభక్తి మీద అనుమానం లేదంటూనే క్లియరెన్స్ ఇవ్వకూడదన్నారు. ఓపెన్‌హైమర్ పక్షాన నిలిచిన ఒక్కడు వార్డ్ ఎవాన్స్, ముగ్గురిలోనూ సైంటిస్టు ఆయనొక్కడే, కెమిస్ట్రీ ప్రొఫెసర్. తర్వాత అణుశక్తి కమిషన్‌లో 4–1తో ఓడిపోయాడు. ఆ ఆర్డరు జూన్ 29న వచ్చింది. ఆ క్లియరెన్స్ గడువు ఎలాగూ మర్నాటితో తీరిపోతుంది! ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదంటేనే తెలుస్తోంది, అవతలివాళ్ళకి కావలసింది భద్రత కాదు, పరువు తియ్యడం.

ఆయన స్నేహితుడు, సైంటిస్టు రాబీ సాక్ష్యం మాత్రం చదివి తీరాలి. ఇంత చేసినవాడి దగ్గర్నుంచి ఇంకా ఏం కావాలి మీకు, జలకన్యలా అని విసుక్కున్నాడు. సినిమాలో రాబీ నారింజ తొనలు ఇచ్చి తినమంటాడు చూశారా, అంత ఆప్యాయంగా ఆయన వైపు నిలబడ్డవాళ్ళు కొద్దిమందే.

2022 డిసెంబరు 16న అమెరికా ఇంధనశాఖ ఆ 1954 ఆర్డరుని రద్దు చేసింది. ఆయన పోయిన 55 ఏళ్ళకి.

#12 ఫ్రంట్‌బెంచ్_రాజు

వకీలు గారు, ఇది మీరు థియేటర్లో నా పక్కన కూర్చుని చెవిలో చెప్పుంటే నేను ఈల వేసేవాణ్ణి. మా హాల్లో మొత్తం సినిమాకి ఒక్కటే ఈల పడింది, స్ట్రాస్‌కి వ్యతిరేకంగా ఓటేసింది ఎవరయ్యా అంటే కెనెడీ అని చెప్పినప్పుడు. అది కూడా నిజమేనా లేక ఎలివేషన్ కోసం పెట్టారా?

#13 బందరు_వకీలు

నిజమే. 1959 జూన్‌లో సెనేట్ 49–46తో స్ట్రాస్‌ని తిరస్కరించింది. వ్యతిరేకించినవాళ్ళలో కెనెడీ ఒకడు. కానీ లిండన్ జాన్సన్ కూడా ఓటేశాడు, ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్కడి పేరు చెప్పడం మాత్రం మీరన్నట్టు ఎలివేషనే.

#14 ఎల్‌పాసో_తెలుగోడు (టెక్సాస్)

నేనుండేది ట్రినిటీ స్థలానికి కొన్ని గంటల డ్రైవు దూరంలో. అది ఇప్పటికీ మిలిటరీ క్షిపణి పరీక్షల ప్రాంతంలోనే ఉంది, అక్టోబరులో ఒకరోజు జనాన్ని రానిస్తారు. వెళ్ళి చూశాను. ఎడారి, కంచె, మధ్యలో నల్లటి లావా రాళ్ళతో కట్టిన స్తంభం. పేలుడు వేడికి ఇసుక కరిగి లేత ఆకుపచ్చ గాజులా మారింది, దాన్ని ట్రినిటైట్ అంటారు. ఇంకా చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. ఏరుకుంటే నేరం. జనం మాత్రం వంగి వంగి చూస్తూనే ఉంటారు. పిల్లలకి హాట్‌డాగ్‌లు కొనిపెట్టి ఆ స్తంభం ముందు ఫోటోలు.

గేటు బయట ప్లకార్డులు పట్టుకుని కొందరు నిలబడ్డారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, ఎక్కువమంది హిస్పానిక్ కుటుంబాలు. 1945 జూలై 16 తెల్లవారుజామున వాళ్ళ తాతల్ని ఎవరూ ఖాళీ చేయించలేదు, ముందు హెచ్చరించలేదు. తర్వాత, మందుగుండు డిపో పేలిందని పేపర్లో వేయించారు. అక్కడ చాలా ఇళ్ళలో అప్పట్లో కప్పు మీద పడ్డ వాననీళ్ళే తొట్టెల్లో పట్టుకుని తాగేవాళ్ళు. బూడిద రాలింది ఆ కప్పుల మీదే. రేడియేషన్ బాధితులకి పరిహారం చట్టం 1990లో వచ్చింది. నెవాడా పరీక్షల పక్కనున్నవాళ్ళకి ఇచ్చారు, మొట్టమొదటి బాంబు పక్కనున్న న్యూ మెక్సికో వాళ్ళని చేర్చలేదు. చేర్చింది 2025లో.

సినిమాలో ఆ ఎడారి ఖాళీగా ఉంటుంది. లాస్ అలమోస్ కొండ మీద కూడా, బాలుర బడి ఉంది, కొన్ని సమాధులున్నాయి అని ఒక ముక్కతో తేల్చేస్తారు. భూములు పోగొట్టుకున్న రైతులు లేరు. ఓపెన్‌హైమర్ మనసులో ఏముందన్నది పక్కన పెట్టండి, నాకు ఇది పెద్ద లోపం.

లాస్ అలమోస్ కూడా చూశాను. ఆయన ఉన్న ఇల్లు బాత్‌టబ్ రో అనే వీధిలో ఉంది. ఊరు మొత్తానికి స్నానాల తొట్లు ఉన్న ఇళ్ళు ఆ వరసే కాబట్టి ఆ పేరు. సినిమాలో కొన్ని సీన్లు ఆ ఇంట్లోనే తీశారు.

#15 కోనసీమ_కుర్రోడు

హిరోషిమా, నాగసాకి కూడా చూపించలేదు కదా అన్నా. రెండు లక్షలమంది చచ్చిపోతే ఒక్క జపానోడు కనపడడు.

#16 మందారమాల

చూపించకపోవడం తప్పని నేననుకోను. జిమ్నాజియం సీను మళ్ళీ చూడండి. హిరోషిమా వార్త వచ్చాక లాస్ అలమోస్ జనం చెక్క మెట్ల మీద కాళ్ళు దబదబా కొడుతూ ఉంటారు. ఆ చప్పుడు సినిమా మొదటి నుంచీ అక్కడక్కడా వస్తూనే ఉంటుంది, ఎక్కడిదో తెలియదు. ఇక్కడ తెలుస్తుంది. ఓపెన్‌హైమర్ మైకు ముందు జనం కోరుకున్న మాటలే చెబుతుంటాడు, చప్పట్ల చప్పుడు పోయి ఒక్క కేక వినపడుతుంది, ముందు వరసలో అమ్మాయి ముఖం మీద చర్మం ఊడిపోతుంది. ఆ అమ్మాయి నోలన్ కూతురే. కిందకి దిగితే కాలు బూడిదైన శరీరంలోకి దిగబడుతుంది.

తను చూడనిది తన ఊళ్ళో తనవాళ్ళ ముఖాల మీద కనపడటం, దాన్ని నోటితో ఒప్పుకోలేక జోకులేయడం. మా వృత్తిలో ఇలాంటి చీలికని చూస్తూనే ఉంటాం. జపాన్‌లో శవాలు చూపించి ఉంటే మనం అయ్యో అనుకుని ఇంటికి పోయేవాళ్ళం. ఇక్కడ ఆయన దాపరికం మనకి దొరికిపోతుంది.

అయినా చూడాల్సినవాళ్ళు చూసి చెప్పారు. జపాన్‌లో ఇది ఎనిమిది నెలలు ఆలస్యంగా, 2024 మార్చి 29న విడుదలైంది. అక్కడ కూడా ఒక్క అభిప్రాయం లేదు.

#17 ఓయూ_ఫిజిక్స్ (సికింద్రాబాద్)

వకీలు గారి పోస్టు బాగుంది, కానీ అందులో ఓపెన్‌హైమర్ పూర్తిగా బాధితుడు. సినిమా కూడా అంతే. విలన్‌గా స్ట్రాస్ దొరికాడు కాబట్టి హీరో కడిగిన ముత్యమైపోయాడు. బెర్నార్డ్ పీటర్స్ పేరు విన్నారా? సినిమా చెప్పని కథ ఆయనది. మన దేశానికీ సంబంధం ఉంది.

పీటర్స్ జర్మనీలో డాకౌ నిర్బంధ శిబిరం నుంచి బయటపడి అమెరికా చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఓడరేవులో కూలిపని చేశాడు, తర్వాత బర్క్‌లీలో ఓపెన్‌హైమర్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. గురువు గారు 1944లోనే ఒక సెక్యూరిటీ అధికారితో ఇతను ప్రమాదకరమైనవాడు, బాగా ఎరుపు (అంటే కమ్యూనిస్టు) అని చెప్పాడు. 1949 జూన్‌లో పార్లమెంటు కమిటీ రహస్యంగా అడిగితే దానికి ఇంకొంత జోడించాడు. అది పీటర్స్ ఉంటున్న రోచెస్టర్ పేపర్లోకి ఎక్కింది. బెతే, కాండన్ లాంటి సైంటిస్టులు మండిపడ్డారు. అప్పుడు ఓపెన్‌హైమర్ పేపరుకి సర్దుబాటు ఉత్తరం రాశాడు. రోచెస్టర్ విశ్వవిద్యాలయం పీటర్స్‌ని తీసెయ్యలేదు గానీ, ఆ దేశంలో ఆయనకి ఊపిరాడలేదు.

ఎక్కడికి వచ్చాడు? బొంబాయికి, టాటా ఇన్‌స్టిట్యూట్‌కి, భాభా దగ్గరికి. 1950లలో ఇక్కడ కాస్మిక్ కిరణాల పరిశోధనని నిలబెట్టినవాళ్ళలో ఒకడు. బెలూన్‌కి ఫోటో ఎమల్షన్ ప్లేట్లు కట్టి పైకి పంపి, కిరణాల జాడలు లెక్కపెట్టే పద్ధతిలో దిట్ట. 1985లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం తర్వాత మన ఈసీఐఎల్ దగ్గరే పెట్టారు. 2022లో వికారాబాద్ వైపు పొలాల్లో గుండ్రటి క్యాప్సూల్ దిగితే జనం గ్రహాంతరవాసులని పరిగెత్తారు కదా, అది అక్కణ్ణించి ఎగిరిందే.

1949లో శిష్యుడికి చేసింది 1954లో తనకి జరిగింది. తేడా ఏంటంటే, ఈయన మీద మూడు గంటల సినిమా వచ్చింది.

#18 బందరు_వకీలు

మీరు చెప్పింది కాదనను. కానీ క్లయింటు నడవడిక మంచిది కాకపోయినా విచారణ సక్రమంగా జరగాలి. అన్యాయం మంచివాళ్ళకి మాత్రమే జరగదు. ఆ పీటర్స్ గొడవని రాబ్ కూడా విచారణలో వాడుకున్నాడు. కమిటీ ముందు ఒకటి చెప్పి పేపరుకి ఇంకోటి రాశావే, ఏది నిజం అని. అంటే శిష్యుడి విషయంలో ఆడిన రెండు నాలుకలే చివరికి ఆయన మెడకి చుట్టుకున్నాయి.

#19 కృష్ణాతీరం

మీరంతా రాశాక నేనూ కొంత వెతికాను. పశ్చాత్తాపం లేదనడానికి రెండు బలమైన కాగితాలు దొరికాయి.

ఒకటి, 1945 జూన్ 16. బాంబుని జనం లేని చోట పేల్చి జపాన్‌కి చూపిస్తే సరిపోదా అని కొందరు సైంటిస్టులు అడుగుతున్నారు. కాంప్టన్, లారెన్స్, ఫెర్మి, ఓపెన్‌హైమర్ నలుగురి ప్యానెల్‌ని ప్రభుత్వం సలహా అడిగింది. ప్రదర్శనతో యుద్ధం ఆగుతుందని చెప్పలేం, నేరుగా సైనికంగా వాడటం తప్ప మాకు వేరే దారి కనపడటం లేదు అని జవాబు. ప్యానెల్ తరఫున సంతకం ఓపెన్‌హైమర్‌ది. జూలైలో సిలార్డ్ అనే సైంటిస్టు బాంబు వాడకానికి అభ్యంతరం చెబుతూ 70 మంది సంతకాలతో పిటిషన్ పెడితే లాస్ అలమోస్‌లో దాన్ని తిరగనివ్వలేదు.

రెండు, 1960లో జపాన్ వెళ్ళాడు. హిరోషిమా వెళ్ళలేదు. విలేకరులు అడిగితే, బాంబు సాంకేతిక విజయంలో తన పాత్ర ఉన్నందుకు విచారించడం లేదన్నాడు. బాధ లేదని కాదు, నిన్న రాత్రి కన్నా ఈ రాత్రి ఎక్కువ బాధ లేదంతే అన్నాడు.

మరి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ దగ్గర "నా చేతులకి రక్తం అంటింది" అన్నదో? అన్నాడు, అదీ నిజమే, 1945 అక్టోబరులో. ట్రూమన్ ఆ ఏడుపుగొట్టు సైంటిస్టుని మళ్ళీ తీసుకురావద్దన్నాడు.

#20 మందారమాల

కృష్ణాతీరం గారూ, ఇంకో కాగితం చూడలేదు మీరు. కాగితం కాదు, వీడియో. 1964లో హిరోషిమా బాధితులు కొందరు అమెరికా వచ్చి ఓపెన్‌హైమర్‌ని కలిశారు. ఆ గదిలో ఉన్న దుబాసీ, గదిలోకి వస్తూనే ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని పదే పదే క్షమించమన్నాడని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆ రికార్డింగ్ 2024లో, జపాన్‌లో సినిమా విడుదలైన కొన్ని నెలలకి వార్తల్లోకి వచ్చింది.

విలేకరుల ముందు ఒకలా, కాలిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఇంకోలా. ఇందులో నాకు వింత కనపడదు. నోలన్‌కి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, కానీ జిమ్నాజియం సీను తీసినవాడు సరిగ్గా దీన్నే ఊహించాడు.

#21 ఈసీఐఎల్_పెద్దాయన

అమ్మా, ఏడ్చి ఉండొచ్చు. నేను కాదనను. కానీ హైడ్రోజన్ బాంబు సంగతి కూడా చూడాలి. 1949 అక్టోబరులో ఆయన అధ్యక్షతన ఉన్న కమిటీ వద్దంది, నైతిక కారణాలు కూడా రాసింది. 1951లో టెల్లర్, ఉలాం కొత్త డిజైన్ తెచ్చాక అదే ఓపెన్‌హైమర్ మెత్తబడ్డాడు. విచారణలో తనే చెప్పాడు, సాంకేతికంగా అంత ముచ్చటైనది కంటికి కనిపిస్తే ముందు చేసేస్తాం, ఏం చెయ్యాలో తర్వాత వాదించుకుంటాం అని. అణుబాంబు కూడా అలాగే జరిగిందన్నాడు.

ఈ మాట పొగరు కాదు. నలభై ఏళ్ళు ఇంజినీరింగ్‌లో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. డిజైన్ కుదిరిన రోజున కలిగే ఆనందం ముందు మిగతావన్నీ రేపటికి వాయిదా పడతాయి. ఇంటి కొచ్చాక బాధ మొదలవుతుంది. ఆ బాధా నిజమే. కానీ పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి పోతాం. సినిమాలో బాధ ఉంది, ఆ ఆనందం తక్కువైంది. లాస్ అలమోస్‌లో ఉన్నవాళ్ళు చాలామంది, తమ జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేమని తర్వాత రాసుకున్నారు. అది చూపించి ఉంటే నాకు ఇంకా భయం వేసేది.

ప్రాజెక్టు వదిలేసి వెళ్ళినవాడు కూడా ఉన్నాడు. జోసెఫ్ రాట్‌బ్లాట్, పోలండ్ మనిషి. జర్మనీ దగ్గర బాంబు లేదని తెలిశాక 1944 చివర్లో మూటాముల్లె సర్దుకున్నాడు. 1995లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన సినిమాలో లేడు.

#22 ఓయూ_ఫిజిక్స్

+1 పెద్దాయనా. రాట్‌బ్లాట్ మీద ఎవరూ మూడు గంటలు తియ్యరు, రాజీనామా ఉత్తరం ఇచ్చి రైలెక్కేశాడు, పేలుడు ఎక్కడ పెడతారు?

#23 శతకాల_మాస్టారు

తీస్తే నేను చూస్తాను.

#24 ఫ్రంట్‌బెంచ్_రాజు

నేను కూడా, ఇంటర్వెల్ ముందు పెద్దాయన లెక్చరు ఉంటే.

సరే వకీలు గారూ, ఆ జలకన్యల సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఫ్రీగా దొరికేది చెప్పండి.

#25 బందరు_వకీలు

విచారణ రికార్డు కొన్ని భాగాలు కొట్టేసి 1954లోనే అచ్చువేశారు. కొట్టేసిన ముక్కలతో సహా మొత్తాన్నీ అమెరికా ఇంధనశాఖ 2014లో తన వెబ్‌సైట్లో పెట్టింది. ఉచితమే. చాలా వాల్యూములున్నాయి, మొదటి నుంచి మొదలుపెడితే నిద్రొస్తుంది. ముందు రాబీ, తర్వాత టెల్లర్ చదవండి. ఓపెన్‌హైమర్‌ని రాబ్ షెవాలియే గురించి అడిగే రోజు ఆ తర్వాత. కిట్టీ సాక్ష్యం రెండు చోట్ల ఉంది, చిన్నదే, మందారమాల గారికి నచ్చుతుంది.

#26 మందారమాల

ఇప్పుడే డౌన్‌లోడ్ పెట్టాను. కిట్టీతోనే మొదలుపెడతా.